ఇంగ్లీషులో కర్త మారితే కాలమూ అడ్డుపడుతుంది

పాసివ్ వాయిస్‌ను మన బడుల్లో చాలాచోట్ల లెక్కలా నేర్పుతారు. కర్మను ముందుకు తెచ్చి, క్రియను మార్చి, చివర ‘బై’ చేర్చి కర్తను రాస్తే మార్కులు పడతాయి. అర్థం ఏమీ మారదని విద్యార్థి నమ్ముతాడు. ఆ నమ్మకం సరికాదు. ప్రెజెంట్ పర్ఫెక్ట్ వాక్యాల్లో అది తేలిగ్గా బయటపడుతుంది.

రవీంద్రనాథ్ ఠాగూర్ 1919లో మదనపల్లె వచ్చారు. దీన్ని ‘ఠాగూర్ హ్యాజ్ విజిటెడ్ మదనపల్లె’ అంటే ఇంగ్లీషు మాతృభాషగా గలవారికి ఎబ్బెట్టుగా వినిపిస్తుంది. ‘మదనపల్లె హ్యాజ్ బీన్ విజిటెడ్ బై ఠాగూర్’ అంటే అంత అభ్యంతరం ఉండదు. ఠాగూర్ 1941లో కన్నుమూశారు, మదనపల్లె నేటికీ ఉంది. ఐన్‌స్టీన్, ప్రిన్స్‌టన్ పేర్లతో ఇలాంటి తేడానే భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ 1970ల తొలినాళ్లలో ఎత్తిచూపాడు.

కారణం వెతికితే తత్వవేత్త హాన్స్ రైకెన్‌బాక్ దగ్గరికి వెళ్లాలి. పని జరిగిన సమయం, మాట్లాడుతున్న సమయం కాక, మన చూపు నిలిచే సమయం మూడోది ఉందని ఆయన 1947లో ప్రతిపాదించాడు. సింపుల్ పాస్ట్‌లో ఆ చూపు పని జరిగిన నాటి దగ్గరే నిలుస్తుంది. ప్రెజెంట్ పర్ఫెక్ట్‌లో పని గతంలోనే జరిగినా, చూపు మాత్రం మాట్లాడుతున్న ఈ క్షణం మీద ఉంటుంది. ‘యెస్టర్డే’, ‘ఇన్ 1919’ వంటివి దాని పక్కన ఇమడకపోవడానికి ఇదొక మంచి వివరణ. వాక్యం ఇప్పటి సంగతి చెబుతోంది కాబట్టి, దాని కర్తస్థానంలో ఉన్నది ఇప్పటికీ ఉండాలని వినేవారు ఆశిస్తారు. ఇది కఠినమైన సూత్రమేమీ కాదు. మదనపల్లెను దర్శించిన మహనీయుల గురించే మాట సాగుతుంటే మొదటి వాక్యం కూడా కొంత ఒప్పుతుంది.

తెలుగువారికి ఇక్కడే చిక్కు. మన ‘వచ్చారు’ అన్న రూపం ‘నిన్న’తోనూ ‘ఇప్పుడే’తోనూ చక్కగా కలిసిపోతుంది. ఆ అలవాటుతోనే ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ అనేస్తాం. కర్మణి ప్రయోగమూ మన మాటల్లో అరుదు. ‘మదనపల్లెకు ఠాగూర్ వచ్చారు’ అని పదాన్ని ముందుకు జరిపితే పని జరిగిపోతుంది. ఇంగ్లీషులో పదాల వరుస అంత స్వేచ్ఛగా కదలదు, అందుకే పాసివ్ దానికి అవసరం.

ఉపాధ్యాయులకు నా విన్నపం ఒకటే. వాక్యాన్ని మార్చమనే ముందు, ఇక్కడ మాట ఎవరి గురించి, ఏ సమయం గురించి అని పిల్లలను అడగండి.