నలభై ఏళ్ల తాత్కాలికం

దక్షిణ తమిళనాడులో విరుదునగర్ దగ్గర కుల్లూర్‌సందై, ఎట్టయపురం దగ్గర తాప్పాత్తి. కోవిల్‌పట్టికి ఉత్తరాన ఒకటి, తూర్పున ఒకటి. రెండుచోట్లా శ్రీలంక తమిళుల శిబిరాలున్నాయి. 1983 జూలైలో కొలంబోలో తమిళుల ఇళ్లు తగలబెట్టాక పడవలెక్కి రామేశ్వరం తీరం చేరినవాళ్లు, ఆ తర్వాత యుద్ధం ముదిరినప్పుడల్లా వచ్చినవాళ్లు రామేశ్వరం దగ్గరి మండపం శిబిరంలో పేర్లు రాయించుకుని ఇలా జిల్లాలకు చెదిరారు. మొత్తం మూడు లక్షల పైచిలుకు మంది వచ్చారు. చాలామంది తిరిగి వెళ్లిపోయారు. 2021 నాటికి కూడా తమిళనాడు శిబిరాల్లో 58 వేల పైచిలుకు మంది ఉన్నారు.

కుటుంబ పెద్దకు నెలకు 1,500 రూపాయలు, మిగతా పెద్దవాళ్లకు 1,000, పిల్లలకు 500 ప్రభుత్వం ఇస్తుంది. బియ్యం ఇస్తుంది. తనిఖీ రోజున మాత్రం మనిషి శిబిరంలో కనిపించాలి. గోడలకు రంగులు వేసే పనికి పొరుగూరు వెళ్లిన మగవాళ్లు ఆ రోజు కూలి వదులుకుని రావాల్సిందే. రాకపోతే డబ్బు ఆగుతుంది. పట్టీలోంచి పేరే పోతుందేమోనన్న భయం దానికంటే పెద్దది.

తమిళనాడు ప్రభుత్వాన్ని తప్పుపట్టలేం. 2021లో 317 కోట్ల రూపాయల పథకం ప్రకటించి, శిథిలమైన 7,469 ఇళ్లు కొత్తగా కట్టిస్తామంది. ఇల్లు కట్టడం రాష్ట్రం చేతిలో పని. పౌరసత్వం ఢిల్లీ చేతిలో పని.

ఢిల్లీ దగ్గర శరణార్థుల చట్టమే లేదు. శరణార్థుల గురించిన 1951 ఒప్పందం మీద భారత్ సంతకం చేయలేదు, సొంత చట్టమూ రాసుకోలేదు. 2019 పౌరసత్వ సవరణ పాకిస్తాన్, బంగ్లాదేశ్, అఫ్గానిస్తాన్‌ల నుంచి వచ్చిన ఆరు ముస్లిమేతర మతాలవాళ్లకు దారి తెరిచి, శ్రీలంకను వదిలేసింది. 2025 సెప్టెంబరులో కేంద్రం ఒక ఊరట ఇచ్చింది: 2015 జనవరి 9 లోపు వచ్చి నమోదైన శ్రీలంక తమిళులను పాస్‌పోర్టు, వీసా లేవని శిక్షించరు. మంచిదే. కానీ అది మినహాయింపు మాత్రమే. ఒక ఉత్తర్వుతో ఇచ్చింది ఇంకో ఉత్తర్వుతో పోవచ్చు.

యూరప్‌లో ఇలా జరగలేదు. ఉక్రెయిన్‌పై యుద్ధం మొదలైన వారం పది రోజుల్లోనే, 2022 మార్చి 4న, యూరోపియన్ యూనియన్ ఎప్పుడో 2001లో రాసిపెట్టుకున్న తాత్కాలిక రక్షణ చట్టాన్ని తొలిసారి బయటకు తీసింది. నివాస పత్రం, పని చేసే హక్కు, పిల్లలకు బడి, వైద్యం అన్నీ అందులోనే ఉన్నాయి. ఉక్రెయిన్ నుంచి వచ్చిన నలభై లక్షల మందికి పైగా దాని నీడన ఉన్నారు. గడువు పొడిగిస్తూ 2027 మార్చి దాకా తెచ్చారు. ఆ తర్వాత ఏమవుతుందన్న బెంగ వాళ్లకూ ఉంది. అయినా వాళ్ల చేతిలో ఉన్నది హక్కు, ఒకరు దయతలిస్తే దొరికేది కాదు.

ఈ నల్లరేగడి సీమలో ఇంట్లో తెలుగు మాట్లాడే నాయకర్లకు, రెడ్డియార్లకు ఇది పరాయి గోడు కాదు. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ‘గోపల్ల గ్రామం’ నవలలో రాసింది తెలుగు నేల నుంచి ప్రాణభయంతో దక్షిణానికి పారిపోయి వచ్చి, ఇక్కడ అడవి కొట్టి ఊరు కట్టుకున్నవాళ్ల కథే. వాళ్లను ఏ కాగితమూ ఎవరూ అడగలేదు. మూడు తరాలు తిరిగేసరికి ఈ ఊరివాళ్లయిపోయారు.

తాప్పాత్తిలో మూడో తరం ఇప్పుడు బడికి వెళ్తోంది. పుట్టింది ఇక్కడే, జనన పత్రం ఇచ్చిందీ ఇక్కడి ప్రభుత్వమే. కానీ 1987 జూలై 1 నుంచి ఇక్కడ పుట్టినంత మాత్రాన పౌరసత్వం రాదు, తల్లిదండ్రుల్లో ఒకరైనా భారతీయులై ఉండాలి. ఆ తేదీకి ముందు, 1986లో మండపంలో పుట్టిన ఒక మహిళకు పాస్‌పోర్టు ఇవ్వాలని 2022లో మద్రాస్ హైకోర్టు మదురై బెంచి ఆదేశించింది. ఆ తేదీ నుంచి పుట్టినవాళ్లకు కోర్టు తలుపు తట్టినా చట్టమే అడ్డం. ఈ ఒక్క తేదీని శిబిరాల పిల్లల కోసం పార్లమెంటు సడలించాలి. ఇక్కడ పుట్టి, ఇక్కడే చదివి, ఇక్కడే పని చేస్తున్న వాళ్లకు దరఖాస్తు పెట్టుకునే దారి కావాలి.