రెండూ స్విస్ వాచీలే... మీ చేతికి ఏది?

పొద్దున్నే కాఫీ తాగి హెచ్ఎంటీ వాచీకి కీ ఇచ్చే తాతయ్య ఒకప్పుడు చాలా ఇళ్లల్లో ఉండేవారు. ఆ ముచ్చటే మళ్లీ వస్తోంది. కాకపోతే ఇప్పటివి లక్షల్లో పలికే స్విస్ మెకానికల్ వాచీలు. బ్యాటరీ ఉండదు, చెయ్యి కదులుతుంటే స్ప్రింగు దానంతటదే చుట్టుకుంటుంది. ఆ ధరల్లో ఎక్కువమంది తటపటాయించేది రెండింటి మధ్య... ట్యూడర్ బ్లాక్ బే ఫిఫ్టీ ఎయిట్, ఒమెగా సీమాస్టర్ డైవర్ 300ఎం.

ముందే ఓ నిజం చెప్పుకోవాలి. టైము కచ్చితంగా చూపించడమే కావాలంటే రెండువేల రూపాయల బ్యాటరీ వాచీ ఈ రెండింటికన్నా నయం. వీటిని కొనేది పనితనం కోసం, మన తర్వాత పిల్లల చేతికీ వెళ్తుందన్న మురిపెం కోసం. అందుకే తొందరపడకూడదు.

ఎవరి కథ వారిది

ట్యూడర్ అంటే రోలెక్స్‌కి తమ్ముడు. రోలెక్స్ స్థాపకుడు హాన్స్ విల్స్‌డోర్ఫ్ కోసం 1926లో ఆ పేరు రిజిస్టరైంది. 1958 నాటి డైవింగ్ వాచీని గుర్తుచేస్తూ 2018లో ఫిఫ్టీ ఎయిట్ వచ్చింది. ఒమెగా డైవర్ 1993లో పుట్టింది. 1995లో 'గోల్డెన్ ఐ' సినిమాలో జేమ్స్ బాండ్ చేతికి ఎక్కింది సీమాస్టరే. ఈ డైవర్ కూడా 2018లోనే కొత్త రూపు దిద్దుకుంది. ఇక్కడ పోలుస్తున్నది ఆ ఏడాది వచ్చిన మోడళ్లనే.

చేతికి నప్పేదేది?

ట్యూడర్ కేసు వెడల్పు 39 మిల్లీమీటర్లు, మందం 12కి కాస్త తక్కువ. సన్నటి మణికట్టు మీద కుదురుగా కూర్చుంటుంది, చొక్కా కఫ్ కింద ఇట్టే దూరుతుంది. ఒమెగా 42 మిల్లీమీటర్లు, మందమూ ఎక్కువే. ఎండాకాలం చెయ్యి ఉబ్బితే చైను వదులు చేయడం మాత్రం ఒమెగాలో తేలిక, బొత్తాం నొక్కితే చాలు. 2018 ట్యూడర్‌కి పరికరం పెట్టి పిన్ను జరపాల్సిందే. తేదీ చూసుకునే అలవాటుంటే ఒమెగాలో ఉంది, ట్యూడర్‌లో లేదు.

లోపలి సంగతి...

ట్యూడర్ పూర్తిగా చుట్టుకుంటే 70 గంటలు నడుస్తుంది. ఒమెగా 55 గంటలే. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి తీసి పెడితే సోమవారం పొద్దున ఆఫీసు వేళకి ట్యూడర్ నడుస్తూనే ఉంటుంది, ఒమెగా తెల్లవారుజామునే ఆగిపోతుంది.

కచ్చితత్వంలో ఒమెగాదే పైచేయి. ట్యూడర్ యంత్రం నెగ్గిన స్విస్ పరీక్షలో సగటున రోజుకి 4 సెకన్లు వెనక్కీ, 6 సెకన్లు ముందుకీ ఉండొచ్చు. ఒమెగా ఆ పరీక్ష తర్వాత ఇంకోటీ నెగ్గాలి. అందులో వెనక్కి నడవకూడదు, ముందుకి 5 సెకన్లు మించకూడదు. 15,000 గాస్‌ల అయస్కాంత శక్తినీ తట్టుకోవాలి. స్పీకర్లు, ఫోన్లు, బ్యాగు బకిల్స్... అన్నింట్లోనూ అయస్కాంతాలుండే ఈ రోజుల్లో ఇది చిన్న విషయం కాదు.

నీళ్ల సంగతికొస్తే ట్యూడర్ 200 మీటర్లు, ఒమెగా 300 మీటర్లు. పుష్కర స్నానానికి ఏదైనా ఎక్కువే! కీ మాత్రం బిగించి ఉండాలి.

డబ్బిచ్చే ముందు

ధరలో ట్యూడర్ చెప్పుకోదగ్గంత తక్కువ. కానీ లెక్క అక్కడితో ఆగదు. కొన్నేళ్లకోసారి విప్పి, శుభ్రం చేసి, నూనె వేయించాలి. ఆ ఖర్చు వేలల్లో ఉంటుంది. సర్వీసింగ్ ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది, ఎన్నాళ్లు పడుతుంది... షాపులోనే అడగండి. అధీకృత డీలరు దగ్గరే కొనండి. వారంటీ కార్డు మీది నంబరూ, వాచీ మీది నంబరూ ఒకటేనా అని చూసుకోండి. రెండింటినీ చెరో పావుగంట చేతికి పెట్టుకుని, చెయ్యి టేబుల్ మీద ఆనించి, రాస్తూ చూడండి.

సన్నటి చెయ్యి, సాదా రూపం ఇష్టమైతే ట్యూడర్. ఒక్క వాచీతోనే ఆఫీసూ, పెళ్లిళ్లూ గడవాలి, తేదీ కావాలి, బడ్జెట్‌కి ఇబ్బంది లేదనుకుంటే ఒమెగా. ఏది కొన్నా బీరువాలో దాచకండి. తాతయ్య హెచ్ఎంటీ అన్నేళ్లు నడిచిందంటే, ఆయన రోజూ పెట్టుకోబట్టీ, వీధి చివర దాన్ని బాగుచేసే మనిషి ఉండబట్టీ!