మానేరు కట్ట నుంచి సముద్రం ఒడ్డుకి... రెండు వేలల్లో!

కరీంనగర్ పోరగాళ్లని 'బీచ్‌కి పోదామా' అని అడగండి. బండి తీసి నేరుగా ఎల్‌ఎండీ కట్ట మీదికి తీస్కపోతారు. లోయర్ మానేరు డ్యామ్ నిండితే 24 టీఎంసీల నీళ్లు. సాయంత్రం గాలి, ఎదురుగా కనుచూపు మేర నీళ్లు, పక్కన ఉడికించిన మక్క కంకులు. సముద్రం లేని ఊరికి అదే సముద్రం. ఆదిలాబాద్ వాళ్లకి కుంటాల ఉంది, మంచిర్యాల వాళ్లకి గోదారి ఇసుక ఉంది. కానీ అసలు సముద్రం? అది గోవా ఫ్లైటో వైజాగ్ ట్రిప్పో ప్లాన్ చేసేవాళ్లకే అనుకుని, వాట్సాప్ గ్రూపులో నాలుగు రోజులు చర్చించి, చివరికి 'నెక్స్ట్ మంత్ చూద్దాం' అని వదిలేస్తాం.

అంత దూరం ఏమీ లేదు. మన పక్క నుంచే పోయే రైలు పట్టాలు సముద్రం పక్క నుంచి పోతాయి. సొంత కారు అక్కర్లేదు, ట్రావెల్ ప్యాకేజీ అక్కర్లేదు. మనిషికి రెండు వేలు ఉంటే ఒక రాత్రి అలల చప్పుడు వింటూ గడిపి రావచ్చు. కాకపోతే ఒక్క మాట. ఈ ట్రిప్పులో టికెట్ దగ్గర పొదుపు చేయండి, తిండి దగ్గర చేయండి. రాత్రి ఎక్కడ పడుకుంటారు, నీళ్లలో ఎంత లోపలికి దిగుతారు అన్న రెండు విషయాల్లో మాత్రం పిసినారితనం, మొండితనం రెండూ పనికిరావు.

ఏ బీచ్? ఏ రైలు?

మనకి అందుబాటులో ఉండేవి బాపట్ల జిల్లా బీచ్‌లు. బాపట్ల టౌన్ నుంచి 9 కిలోమీటర్ల దూరంలో సూర్యలంక. చీరాల నుంచి ఆరేడు కిలోమీటర్లు పోతే వాడరేవు, ఆ పక్కనే రామాపురం. రెండు ఊళ్లలోనూ రైల్వే స్టేషన్లు ఉన్నాయి. స్టేషన్ నుంచి ఆటో ఎక్కితే ఒడ్డు దగ్గర దిగొచ్చు.

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాళ్లకి దారి ఇట్లా ఉంటుంది.

కరీంనగర్ నుంచి: తిరుపతి ఎక్స్‌ప్రెస్ ఉంది. పెద్దపల్లి, వరంగల్, ఖమ్మం, విజయవాడ మీదుగా గూడూరు లైన్లో పోతుంది. సాయంత్రం ఎక్కితే అర్ధరాత్రి దాటాక చీరాల. ఈ బండి రోజూ ఉండదు. ఏ రోజుల్లో ఉందో యాప్‌లో చూసుకుని, దాన్ని బట్టే ట్రిప్ తేదీ పెట్టుకోండి.

కాగజ్‌నగర్, బెల్లంపల్లి, మంచిర్యాల, రామగుండం, పెద్దపల్లి నుంచి: మీరు ఢిల్లీ–చెన్నై మెయిన్ లైన్ మీదే ఉన్నారు. ఇదే పట్టా విజయవాడ, తెనాలి, బాపట్ల, చీరాల మీదుగా చెన్నై పోతుంది. అన్ని సూపర్‌ఫాస్ట్‌లూ బాపట్లలో ఆగవు. అట్లాంటప్పుడు విజయవాడలో దిగి, ఒంగోలు వైపు పోయే ప్యాసింజర్ పట్టుకోవడమే.

ఆదిలాబాద్ నుంచి: కృష్ణా ఎక్స్‌ప్రెస్. ముద్‌ఖేడ్, నిజామాబాద్ చుట్టి తిరుపతి పోయే బండి. రాత్రి ఎక్కితే మర్నాడు మధ్యాహ్నం దాటాక బాపట్ల. ప్రయాణం పొడుగే, కానీ బండి మారే పని లేదు.

మీకు నప్పే రైలు దొరకకపోతే వరంగల్ చేరుకోండి. అక్కడి నుంచి ఈ లైన్లో బండ్లు ఎక్కువ. కరీంనగర్ నుంచి వరంగల్‌కి ఆర్టీసీ బస్సులు ఎలాగూ ఉన్నాయి. అమ్మాయిలకైతే ఇంకో లాభం. 2023 డిసెంబర్ 9 నుంచి అమల్లో ఉన్న మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో తెలంగాణ మహిళలకి టికెట్ లేదు. ఆధార్ కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. రాష్ట్రం సరిహద్దు దాటాక మాత్రం ఈ ఉచితం వర్తించదు. ఆంధ్రాలో ఉన్న స్త్రీశక్తి పథకం అక్కడి మహిళలకే. అందుకని బాపట్ల, చీరాల దగ్గర బస్సు ఛార్జీకి చిల్లర పెట్టుకోండి.

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. సంక్రాంతి, దసరా, లాంగ్ వీకెండ్‌లలో మాత్రం పెట్టుకోవద్దు. బెర్తులు దొరకవు, దొరికినా బీచ్ మీద కాలు పెట్టే చోటుండదు. కార్తీక పౌర్ణమికి కూడా అంతే, సముద్ర స్నానానికి జనం పోటెత్తుతారు.

లెక్క ఎట్లా తేలుతుంది?

నలుగురు దోస్తులు కలిసి వెళ్తే మనిషికి అయ్యే ఖర్చు ఇది. ఎక్కే స్టేషన్‌ని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుంది.

- స్లీపర్ టికెట్, రానుపోను: 650
- ఆటోలు, బస్సులు: 150
- తిండి: 500
- రాత్రి బస, నలుగురూ పంచుకుంటే: 450
- ముట్టుకోకుండా దాచుకునేది: 250

మొత్తం 2000. జనరల్ బోగీలో పోతే ఇంకా తగ్గుతుంది. కానీ రాత్రంతా డోర్ దగ్గర నిలబడి పోయి, నిద్రలేని కళ్లతో సముద్రంలో దిగడం మంచిది కాదు. స్లీపర్‌కి పెట్టే ఆ కాస్త డబ్బూ దండగ కాదు.

తిండి ఖర్చు తగ్గాలంటే అమ్మని అడగండి. పులిహోర, సర్వపిండి, నువ్వుల ముద్దలు, సకినాలు... రైల్లో రెండు పూటలు వీటితో గడిచిపోతాయి. ఒడ్డున మంచినీళ్లు దొరుకుతాయని నమ్ముకోవద్దు. మనిషికి మూడు లీటర్లు మోసుకెళ్లండి. ఉప్పు గాలికి దాహం ఎక్కువ.

టెంట్ ఎక్కడ వేయాలి?

రీల్స్‌లో చూసి అందరూ తప్పు చేసేది ఇక్కడే. అలల పక్కన టెంట్, ముందర మంట, చేతిలో గిటార్. చూడ్డానికి మస్తుంటుంది. కానీ బీచ్ అంటే ఎవరు పడితే వాళ్లు రాత్రి పడుకునే చోటు కాదు. చీకటి పడ్డాక పోలీసులు వచ్చి జనాన్ని పంపించేస్తే గొడవ పడొద్దు. సూర్యలంకలో ఇంకో సంగతి ఉంది. పక్కనే భారత వైమానిక దళం స్టేషన్ ఉంది. క్షిపణుల్ని పరీక్షించే చోటు అది. కంచె కనిపిస్తే వెనక్కి తిరగండి. డ్రోన్ ఇంట్లోనే వదిలేసి పోండి.

మరి ఎట్లా? మూడు దారులున్నాయి.

ఒకటి, ఒడ్డు దగ్గర రిసార్టుల్ని ముందే ఫోన్ చేసి అడగండి, మీ ఆవరణలో టెంట్ వేసుకోనిస్తారా అని. బాత్రూం, నీళ్లు, కాపలా ఉన్న చోట టెంట్ వేసుకుంటే నిశ్చింత. ఒప్పుకుంటే సరే, లేదంటే రెండో దారి.

రెండు, గది. సూర్యలంకలో ఆంధ్రప్రదేశ్ టూరిజం వాళ్ల హరిత రిసార్ట్ ఉంది, బడ్జెట్ దాటితే బాపట్లలో, చీరాలలో మామూలు లాడ్జీలున్నాయి. రాత్రి ఎనిమిది దాకా ఒడ్డున కూర్చుని, గదికొచ్చి పడుకుని, తెల్లారి నాలుగున్నరకి లేచి మళ్లీ ఒడ్డుకి పోవచ్చు. అమ్మాయిలు ఉన్న గ్రూపుకైతే ఇదే మంచిది.

మూడు, బసే లేకుండా. రాత్రి రైలు, పొద్దంతా బీచ్, మళ్లీ రాత్రి రైలు. అర్ధరాత్రి చీరాలలో దిగితే తెల్లారేదాకా స్టేషన్ వెయిటింగ్ హాల్లోనే ఉండండి. తెలియని ఊళ్లో చీకట్లో ఒడ్డుకి నడవొద్దు.

టెంట్‌కి అనుమతి దొరికిందా? అయితే ఇసుకలో మామూలు మేకులు నిలవవని గుర్తు పెట్టుకోండి. ప్లాస్టిక్ సంచులో గుడ్డ సంచులో ఇసుకతో నింపి, టెంట్ తాళ్లు వాటికి కట్టి, సంచుల్ని గుంత తీసి పూడ్చండి. ఎంత గాలొచ్చినా కదలదు. తర్వాత ఆ సంచులు తవ్వి తెచ్చుకోవాలి సుమా! ఒడ్డున ఎండిన నాచు, గవ్వలు ఒక గీతలా పేరుకుని కనిపిస్తాయి. పోటు అక్కడిదాకా వస్తుందని గుర్తు. ఆ గీతకి చాలా పైన వేసుకోవాలి. పున్నమి, అమావాస్యలకి పోటు ఇంకా ముందుకొస్తుంది. తెల్లవారుజామున మంచు కురుస్తుంది కాబట్టి దుప్పటి తప్పనిసరి. దోమల మందు మర్చిపోతే రాత్రంతా జాగారమే.

టెంట్ కొనాల్సిన పని మాత్రం లేదు. ఒక్క రాత్రి కోసం కొన్న టెంట్ తర్వాత అటక మీదే ఉంటుంది. ట్రెక్కింగ్‌కి వెళ్లే సీనియర్లని అడిగితే ఎవరో ఒకరు ఇస్తారు.

మంట వద్దు, ఎందుకంటే...

వాతావరణం చూస్తే జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. కానీ ఆ చలి నెలల్లోనే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఆంధ్రా తీరానికి వస్తాయి. రాత్రిపూట ఒడ్డెక్కి, ఇసుక తవ్వి, గుడ్లు పెట్టి పోతాయి. పిల్లలు బయటికొచ్చాక నీటి మీది వెలుగు చూసి సముద్రం వైపు పాకుతాయి. మనం మంట పెట్టినా, ఫ్లాష్‌లైట్ వేసినా దారి తప్పి ఊరి వైపు వచ్చేస్తాయి. ఇవి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణలో ఉన్న జీవాలు. తాబేలు కనిపిస్తే లైట్ ఆపి, దూరంగా జరిగి, చప్పుడు చేయకుండా ఉండండి. సెల్ఫీ అవసరం లేదు.

గోదారి ఈత సముద్రంలో పనికిరాదు

ఇది అన్నింటికన్నా ముఖ్యం. మన దగ్గర ఈత వచ్చినవాళ్లు చాలామంది బావుల్లో, చెరువుల్లో, గోదారిలో నేర్చుకున్నవాళ్లే. ఆ ధైర్యంతోనే సముద్రంలో దిగుతారు. నదిలో నీళ్లు ఒక వైపే పోతాయి. సముద్రంలో వస్తాయి, పోతాయి. వచ్చిన నీళ్లన్నీ తిరిగి పోవడానికి ఎక్కడో ఒక సందు వెతుక్కుంటాయి. ఆ సందులో నీళ్లు వేగంగా లోపలికి గుంజుతాయి. దీన్నే రిప్ కరెంట్ అంటారు. మోసం ఏంటంటే, రెండు పక్కలా అలలు విరుగుతుంటే ఆ సందు మాత్రం ప్రశాంతంగా కనిపిస్తుంది. 'ఇక్కడ అల లేదు, ఇక్కడ దిగుదాం' అనుకునేది అక్కడే.

అందులో చిక్కుకుంటే ఒడ్డు వైపు ఈదొద్దు. ఎంత ఈతగాడైనా అలసిపోతాడు. వెల్లకిలా తేలుతూ, చెయ్యి పైకెత్తి అరవండి. ఒంట్లో బలముంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి, గుంజుడు తగ్గాక ఒడ్డు వైపు రండి. దోస్త్ మునుగుతుంటే మీరు దూకొద్దు. ఒకరిని కాపాడబోయి ఇంకొకరు పోవడం ఇట్లాగే జరుగుతుంది. తాడు, బంతి, ఖాళీ వాటర్ క్యాన్... తేలేది ఏదైనా విసరండి. చేపల వేటకెళ్లే వాళ్లని పిలవండి, 112కి ఫోన్ కొట్టండి.

రూల్స్ చిన్నవే. మోకాళ్ల లోతు దాటొద్దు. చీకట్లో దిగొద్దు. తాగి అస్సలు దిగొద్దు. నలుగురిలో ఒకరు ఎప్పుడూ ఒడ్డునే ఉండి మిగతా ముగ్గురి మీద కన్నేసి ఉంచాలి, వంతులవారీగా. బయలుదేరే ముందు ఇన్‌కాయిస్ వెబ్‌సైట్ చూడండి. దేశమంతటి సముద్రాలకి అలల హెచ్చరికలిచ్చే ఈ కేంద్ర సంస్థ సముద్రం లేని మన హైదరాబాద్‌లోనే ఉంది.

ఓరుగల్లు వాళ్ల రేవు

టైం మిగిలితే చీరాల నుంచి మోటుపల్లికి పోయి రండి. ఇవాళ చిన్న పల్లెటూరు. కాకతీయుల కాలంలో మాత్రం పెద్ద ఓడరేవు. అంతకుముందు రాజులు తుపానులో ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో సరుకంతా లాక్కునేవాళ్లు. గణపతిదేవ చక్రవర్తి 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు. ఇక నుంచి సరుకు వర్తకుడిదే, మేం తీసుకునేది న్యాయమైన సుంకమే అని. ఆ శాసనం అక్కడి వీరభద్రుడి గుడిలో ఉంది. అంటే మన ఓరుగల్లుకి సముద్రంతో 780 ఏళ్ల కిందటే లెక్కాపత్రం ఉంది.

ఇంట్లో ఏం చెప్పాలి?

నిజం చెప్పండి. 'ఫ్రెండ్ రూంలో చదువుకుంటున్నా' అని చెప్పి సముద్రానికి పోతే, ఏదైనా అయినప్పుడు ఎక్కడ వెతకాలో కూడా ఇంట్లో వాళ్లకి తెలియదు. రైలు నంబరు, బస చేసే చోటు, నలుగురి ఫోన్ నంబర్లు రాసి వాట్సాప్ చేయండి. లైవ్ లొకేషన్ ఆన్ చేయండి. పవర్ బ్యాంక్ ఒకటి గ్రూపుకి సరిపోదు, రెండు పెట్టుకోండి. రైల్లో ఇబ్బందొస్తే 139.

తెల్లారి అయిదింటికల్లా ఒడ్డున కూర్చోండి. మన తూర్పు తీరంలో సూర్యుడు నీళ్లలోంచే లేస్తాడు. పున్నమి నాడైతే ముందురోజు సాయంత్రం చంద్రుడూ అక్కడి నుంచే వస్తాడు. వేటకెళ్లి వచ్చే పడవలు ఒడ్డుకి చేరేదీ ఆ వేళకే. పడవ లాగుతున్న పెద్దమనిషిని ఒక మాట అడగండి, 'అన్నా, ఇవాళ నీళ్లలో దిగొచ్చా?' అని. దిగమంటే మోకాళ్ల దాకా దిగండి. వద్దంటే ఇసుకలో కూర్చుని సర్వపిండి తినండి. రాత్రంతా రైలెక్కి వచ్చింది సముద్రాన్ని చూడటానికే కదా, ఒడ్డు నుంచైనా అది అంతే పెద్దగా కనిపిస్తుంది.