కాబేజీ బూజు తెగులు: ఏ పైరుది ఆ పైరుకే



మంచు దట్టంగా పడే మార్గశిర మాసంలో ఒకనాడు పొద్దున్నే కాబేజీ నారుమడి వద్దకు వెళ్లి, ఆకులు తిరగవేసి చూడండి. ఆకు పైన పసుపుపచ్చని మచ్చ, సరిగా దాని అడుగున తెల్లని నూగు కనుపిస్తే అది బూజు తెగులే. బూడిద తెగులు వేరు. అది ఎక్కువగా ఆకు పైభాగాన పిండి చల్లినట్లుంటుంది.

"పక్క చేలో దోసపాదుకూ బూజు తెగులే, అవతల ద్రాక్షతోటకూ బూజు తెగులే. అక్కడినుంచే నా నారుకు అంటుకున్నదా?" అని మీరడగవచ్చు. లేదండీ. పేరొకటేగాని తెగులు ఒకటి కాదు. దోస మీది జీవి వేరు, ద్రాక్ష మీదిది వేరు, కాబేజీ మీదిది వేరు. ఏ గూటి చిలుక ఆ గూటి పలుకే పలుకుతుంది గదా!

కారణమేమంటారా? ఈ జీవి బ్రతికివున్న ఆకులోనుంచే ఆహారం పీల్చుకోవాలి. తనకు అలవాటైన మొక్క అయితే కణంలో చోటు చేసుకుంటుంది. పరాయి మొక్క అయితే, అది సోకినచోటి కణాలు తామే మాడిపోయి దారి మూసివేయడం కద్దు.

మరి కాబేజీ కుటుంబంలో మాటేమిటి? కాబేజీ, కాలీఫ్లవర్, నూల్‌కోల్ రూపాలు వేరైనా జాతి ఒక్కటే. ఒకదాని తెగులు మరొకదానికి సులువుగా వస్తుంది. ముల్లంగి, ఆవ కాస్త దూరపు చుట్టాలు. ముల్లంగి మీద పెరిగిన తెగులు ముల్లంగినే గట్టిగా పట్టుతుంది. కాబేజీపై సాధారణంగా అంత జోరు చూపదు. అయినా లేత మొలకలకు ఒక్కొక్కప్పుడు సోకుతుంది కనుక బొత్తిగా భయం లేదనుకోరాదు.

ఈ విషయమై శాస్త్రజ్ఞులూ వాదులాడుకున్నారు. 1918లో గాయ్‌మాన్ మొక్కనుబట్టి ఈ తెగులును అనేక జాతులుగా విడదీశాడు. 1959లో యెర్కిస్, షా అన్నిటినీ ఒకే జాతిగా కలిపారు. ఇటీవలి జన్యు పరీక్షలు మళ్లీ పెక్కు జాతులున్నాయనే తేల్చాయి.

దీనివల్ల మనకేమి లాభం? దోసపాదును అనుమానించి పీకివేయనక్కరలేదు. కాలీఫ్లవర్ తీసిన మడిలోనే కాబేజీ నారు పోస్తే మాత్రం పైరు మార్చినట్లు కానేకాదు. తెగులు బీజాలు పాత ఆకులతోపాటు నేలలో నిలిచివుంటాయి. ఆ మడిలో రెండు మూడేళ్లు ఉల్లి, చిక్కుడు, వంగ వంటివి వేయండి. నారు ఎత్తుమడిలో పలుచగా పోయండి. నీరు ఉదయమే పెట్టండి. సాయంత్రానికి ఆకులు ఆరాలి. మచ్చపడిన మొక్కను పొలంలో నాటవద్దు. మందు చల్లవలసివస్తే వ్యవసాయాధికారి చెప్పిన మోతాదులో, ఆకు అడుగు తడిసేలా చల్లండి.

గ్రామాలు తిరిగే కార్యకర్తలకూ ఒక మనవి. రైతు "బూజు తెగులు" అనగానే మందు పేరు చెప్పకండి. "ఏ పైరుకు? అంతకుముందు ఆ మడిలో ఏముండేది?" అని అడగండి. సగం వైద్యం ఆ రెండు ప్రశ్నలలోనే ఉన్నది.