గాలిలోని పుప్పొడి: ఋతువుతో వచ్చు తుమ్ములు

ప్రతి సంవత్సరము ఇంచుమించు ఒకే మాసములో కొందరికి తుమ్ములు మొదలగును. తెల్లవారగానే వరుసగా పది పదిహేను తుమ్ములు వచ్చును. ముక్కునుండి నీరు కారును. కండ్లు ఎఱ్ఱబడి దురదపెట్టును. జ్వరము మాత్రముండదు. ఇంటివారు దానిని పడిశమనుకొని కషాయమిత్తురు. పడిశమైనచో వారము పదిదినములలో తగ్గవలెను. అట్లుగాక వారములకొలది సాగి, మరుసటియేడు మరల అదే ఋతువున తలయెత్తినచో, అది పుప్పొడివలన కలుగు అలర్జీ కావచ్చును. తుమ్ములే కదా యని యుపేక్షించినవారిలో కొందరికి క్రమముగా ఉబ్బసము కూడ తోడగును.

పుప్పొడి యనగానే గులాబి, బంతి, చేమంతి మనస్సునకు వచ్చును. ఈ నింద చాలవరకు వానికి తగదు. కంటికింపైన పూవులు తేనెటీగల నాకర్షించి వానిచేత పుప్పొడిని పంపించుకొనును. ఆ పుప్పొడి బరువైనది, జిగురు గలది. గాలిలో దూరము పోదు. ఎక్కువగా బాధించునవి ఎవరికంటను పడని పూవులు: గరికవంటి గడ్డిజాతులు, తోటకూర జాతి కలుపుమొక్కలు, ఆముదము, సముద్రతీరపు సరుగుడు. సర్కారు తుమ్మయు, 1955 ప్రాంతమున పుణేలో గుర్తింపబడి దేశమంతట వ్యాపించిన వయ్యారిభామయు ఈ కోవలోనివే. ఢిల్లీలో శీతకాలము ముగియుచుండగా నెమలినార చెట్ల పుప్పొడి అనేకులను బాధించును. గడ్డి పుప్పొడి రేణువు సుమారు మిల్లీమీటరులో ముప్పదవ వంతుండును. గాలిలో నున్నప్పుడు కంటికి కానరాదు.

కానరాని దానిని లెక్కించుట యెట్లు? మాంచెస్టరు నగర వైద్యుడు చార్లెస్ బ్లాక్లీ స్వయముగా ఈ వ్యాధిచే బాధపడినవాడు. జిగురు పూసిన గాజుపలకలపై పుప్పొడిని పట్టి, గాలిపటముల సాయమున ఎత్తైన గాలిని సైతము పరీక్షించి, తన ఫలితములను 1873 లో ప్రకటించెను. అదే సంవత్సరమున కలకత్తా గాలిని సూక్ష్మదర్శినితో పరీక్షించిన కనింగ్‌హామ్ గ్రంథమును వెలువడెను. 1952 లో హిర్స్ట్ రూపొందించిన యంత్రము నిమిషమునకు 10 లీటర్ల గాలిని పీల్చి, గంటకు 2 మిల్లీమీటర్ల వంతున జరుగు జిగురు పలకపై రేణువులను నిలుపును. ఆ పద్ధతియే నేటికిని వాడుకలో నున్నది. పలకను పరిశీలించి, ఏ గంటలో ఏ మొక్క పుప్పొడి ఎంత వచ్చినదో, ఘనపు మీటరు గాలికి ఎన్ని రేణువులో నిపుణులు చెప్పగలరు.

ఇట్టి లెక్కలు కొన్నిమాసములు, ఏండ్లు సేకరించినచో ఆ నగరపు పుప్పొడి పంచాంగము సిద్ధమగును. చండీగఢ్‌లోని వైద్యసంస్థ అట్టి పంచాంగమును 2021 లో ప్రచురించెను. అచట వసంతము, శరత్తు రెండును పుప్పొడి కాలములే. అయితే ఒక ఊరి పంచాంగము వేరొక ఊరికి చెల్లదు. చండీగఢ్ లెక్కతో విశాఖపట్టణములో మందు వేసికొనుట పనికిరాదు. చేతిఫోనులలో చూపు అంకెలును, లెక్కించు యంత్రమే లేనిచోట, వట్టి అంచనాలు.

కావున రోగి స్వయముగా వ్రాసికొను చిన్న పుస్తకము మిక్కిలి విలువైనది. తేదీ, తుమ్ములు వచ్చిన వేళ, బాధ ఎంత యన్నది సున్న మొదలు మూడు వరకు ఒక అంకె, పిల్లికూతలు ఉన్నవా లేవా, ఆనాడు తిరిగిన చోటు, గాలి, వాన, చుట్టుపట్ల పూచిన చెట్లు, వాడిన మందు—ఇవి చాలును. ఒక ఋతువు గడచుసరికి పుస్తకమే కొంత చెప్పును. సంవత్సరము పొడుగున బాధయుండి, పక్కలు దులిపినపుడు హెచ్చినచో, కారణము పుప్పొడికంటె ఇంటిధూళిలోని పురుగులగుట సంభవము. పుస్తకమును చూచి ఏ పుప్పొడులకు చర్మపరీక్ష చేయవలెనో వైద్యుడు నిర్ణయించును. ఏటేట బాధ మొదలగు కాలము తెలిసినచో, వైద్యుని సలహాపై ముక్కులో కొట్టుకొను మందును రెండు వారములు ముందుగనే ప్రారంభింపవచ్చును. బాధ ముదిరిన పిదప మొదలిడినదానికంటె ఇది మేలు. రెండు వారములు దాటిన దగ్గును మాత్రము అలర్జీ యని సరిపెట్టుకొనక, క్షయకై కఫపరీక్ష చేయించుకొనవలెను.

పుప్పొడి హెచ్చిన దినములలో బయటినుండి వచ్చినవారు ముఖము కడిగి బట్టలు మార్చుకొనవలెను. ఉతికిన బట్టలు ఇంటిలోపలనే ఆరవేయవలెను. వాన గాలిని కడుగునన్నది నిజమే కాని, ఉరుముల వాన వేరు. తడిసిన రేణువులు పగిలి, మిక్కిలి సన్నని తునకలై ఊపిరితిత్తుల లోతునకు పోవును. 2016 నవంబరు 21న ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్‌లో ఇట్టి గాలివానకు వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకు పరుగిడిరి, పదిమంది మరణించిరి. పిల్లికూతలు గలవారు పీల్చుమందును దగ్గర నుంచుకొనవలెను. మాట పూర్తిచేయలేనంత ఆయాసము కలిగినను, పెదవులు నీలివర్ణము దాల్చినను, తక్షణమే ఆసుపత్రికి పోవలెను.

వయ్యారిభామను పూతకు రాకమునుపే, నేల తడిగా నున్నపుడు, వేరుతో పెరికివేయవలెను. వట్టిచేతులతో తాకినచో చర్మమునకు దద్దు, దురద కలుగును గనుక చేతులకు తొడుగులుండవలెను. ఇదివరకే అలర్జీ గలవారు ఈ పనిని ఇంటిలోని ఇతరులకు విడిచిపెట్టుట మంచిది.