సీడీ4: రిపోర్టులో ఆ అంకె ఏం చెబుతోంది?

1986 ఫిబ్రవరిలో ఒక రాత్రి, మద్రాసు వైద్య కళాశాల విద్యార్థిని సెల్లప్పన్ నిర్మల తాను సేకరించిన రక్త నమూనాలను ఐస్ పెట్టెలో పెట్టుకుని భర్తతో కాట్పాడి రైలెక్కారు. అక్కడి నుంచి ఆటోలో వేలూరు సీఎంసీ ఆసుపత్రికి చేరారు. పరీక్షలో 6 నమూనాలు పాజిటివ్‌గా తేలాయి. మన దేశంలో హెచ్‌ఐవీ బయటపడింది అలాగే. ఆ పరిశోధనకు దారి చూపింది డాక్టర్ సునీతి సోలమన్.

అప్పటికి రెండేళ్ల ముందే, 1984లో, ఈ వైరస్ ఏ దారిన లోపలికి వెళుతుందో శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఆ దారి పేరు సీడీ4. అది రోగనిరోధక వ్యవస్థలోని టీ కణాల పైపొర మీద ఉండే ఒక ప్రోటీన్.

దాని అసలు పని వేరు. ఛాతీలోని థైమస్ గ్రంథిలో ఎదిగే టీ కణం మీద మొదట సీడీ4, సీడీ8 అనే మరో ప్రోటీన్ రెండూ ఉంటాయి. కణం అక్కడ పరీక్షకు నిలబడాలి. శరీరపు సొంత గుర్తులను అసలు పట్టుకోలేనిదీ, మరీ గట్టిగా పట్టుకునేదీ చనిపోతాయి. నూటికి 5 కూడా బయటికి రావు. నెగ్గినవాటిలో కొన్ని సీడీ4ను ఉంచుకుని సహాయక కణాలవుతాయి, మిగతావి సీడీ8ను ఉంచుకుంటాయి. ఆ తర్వాత శత్రువు ముక్క ఎదురైనప్పుడు, సీడీ4 తనను అంటిపెట్టుకున్న ఎల్‌సీకే అనే ఎంజైమ్‌ను టీ కణ గ్రాహకం దగ్గరికి చేరుస్తుంది. దాంతో కణం లోపల సంకేతం మొదలవుతుంది. రోగనిరోధక వ్యవస్థలో ఇంత కీలకమైన చోటే వైరస్ పట్టు దొరకబుచ్చుకుంది. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది ఇదే.

అయితే సీడీ4 ఒక్కటే చాలదు. సీసీఆర్5 అనే రెండో గ్రాహకం కూడా కావాలని 1996లో తేలింది. ఉత్తర యూరప్ మూలాల వారిలో సుమారు 1 శాతానికి అది పుట్టుకతోనే లేదు. సీసీఆర్5 మీద ఆధారపడే రకం వైరస్ వారి కణాల్లోకి దూరలేదు. మన దగ్గర అలాంటివారు చాలా అరుదు.

ఇక సీడీ4 రక్తపరీక్ష రిపోర్టు సంగతి. ఆరోగ్యవంతుల్లో ఘన మిల్లీమీటరు రక్తానికి సుమారు 500 నుంచి 1,500 సీడీ4 కణాలుంటాయి. 200 కన్నా తగ్గితే క్షయ, కొన్ని రకాల న్యుమోనియా సులువుగా దాడి చేస్తాయి. ఒకప్పుడు ఆ అంకె పడిపోయేదాకా ఆగి మందులు మొదలుపెట్టేవారు. 2017 నుంచి అంకెతో పనిలేకుండా, హెచ్‌ఐవీ అని తేలిన ప్రతి ఒక్కరికీ ప్రభుత్వ ఏఆర్‌టీ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు.

అంకె పెరిగిందని మాత్రలు ఆపకండి. సందేహముంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయండి, పైసా ఖర్చుండదు.