తరగతి గదిలో తెర: దాని శక్తి, దాని హద్దులు

పట్టణాల్లోనే గాక మండల కేంద్రాల్లో సైతం ఈనాడు పాఠశాల గోడకు పెద్ద తెర బిగించడం పరిపాటి అవుతున్నది. పిల్లవాణ్ణి చేర్పించడానికి వచ్చిన తండ్రికి నిర్వాహకులు మొట్టమొదట ఆ తెరనే చూపిస్తారు. తండ్రి కూడా దాన్ని చూసి తృప్తి చెందుతాడు. చందాలపై నడిచే చిన్న పాఠశాలలు సైతం ఇందుకోసం డబ్బు కూడబెడుతున్నాయి. ఇటువంటి సమయంలో ఒక ప్రశ్న వేసుకోవడం అవసరం. ఆ తెర ముందు కూర్చున్న పిల్లవాడు పాఠం నేర్చుకుంటున్నాడా, లేక కేవలం చూస్తున్నాడా? ఈ రెండూ ఒకటి కావు. ఈ తేడా తెలియకపోతే ఖర్చుపెట్టిన డబ్బుతోపాటు పిల్లవాని చదువు కూడా నష్టపోతుంది. కనుక దృశ్యపాఠం ఏ పని చేయగలదో, ఏ పని చేయలేదో, దాన్ని తరగతిలో ఎలా వాడుకోవాలో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఆశ కొత్తది కాదు

యంత్రం వచ్చి బడిని మార్చివేస్తుందన్న ఆశ చాలా పాతది. సినిమా ఇంకా బాల్యదశలో ఉన్నప్పుడే, 1913లో, అమెరికా శాస్త్రజ్ఞుడు థామస్ ఎడిసన్ బడుల్లో పుస్తకాలకు త్వరలోనే కాలం చెల్లుతుందని జోస్యం చెప్పాడు. ఆ మాట అని నూరేళ్లు దాటింది. పుస్తకాలు బడిలోనే ఉన్నాయి.

పసిఫిక్ మహాసముద్రంలో అమెరికా అధీనంలో ఉన్న సమోవా దీవుల్లో 1964లో ఇంతకంటే పెద్ద ప్రయత్నం జరిగింది. అక్కడ శిక్షణ పొందిన ఉపాధ్యాయుల కొరత తీవ్రంగా ఉండేది. అందుచేత ముఖ్యమైన పాఠాలన్నీ స్టూడియో నుండి టెలివిజను ద్వారా ప్రసారం చేయాలని, తరగతిలోని ఉపాధ్యాయుడు ఆ తర్వాత అభ్యాసం మాత్రం చేయించాలని నిర్ణయించారు. అనగా పాఠం చెప్పే బాధ్యత తెరది, సహాయకుని స్థానం ఉపాధ్యాయునిది. అయితే కాలక్రమంలో పెద్ద తరగతుల విద్యార్థులలోను, ఉపాధ్యాయులలోను అసంతృప్తి పెరిగింది. ఏ తరగతి ఎంతవరకు అర్థం చేసుకుందో దూరాన ఉన్న స్టూడియోకు తెలియదు కదా! 1970వ దశకంలో ఆ ప్రసారాలు క్రమంగా తగ్గి, టెలివిజను తిరిగి ఉపాధ్యాయునికి సహాయకారి అయింది.

మన గ్రామాల్లో జరిగిన ప్రయోగం

మన దేశంలో కూడా ఈ దిశగా ఒక చెప్పుకోదగ్గ ప్రయోగం జరిగింది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జూలై 31 వరకు, అమెరికాకు చెందిన ఏటీఎస్-6 అనే ఉపగ్రహం సహాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టెలివిజను ప్రసారాలు అందించారు. ఆ రాష్ట్రాల్లో ఆనాటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. తెలుగు కార్యక్రమాలు హైదరాబాదు కేంద్రంలో తయారయ్యేవి. కోళ్లదొడ్డికి వాడే ఇనుపవలతో చేసిన, సుమారు పది అడుగుల వెడల్పు గల యాంటెనాలను ఆ గ్రామాల్లో నిలబెట్టారు. ఉదయం వేళ బడిపిల్లల కోసం, సాయంకాలం పెద్దల కోసం ప్రసారాలు ఉండేవి. విద్యుత్తు దీపం కూడా సరిగా ఎరుగని పల్లెల్లో పిల్లలు తొలిసారిగా కదిలే బొమ్మల పాఠం చూశారు.

ఆ ఏడాది కాలంలోనే ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులకు విజ్ఞానశాస్త్ర బోధనలో శిక్షణ ఇచ్చారు. ఇక్కడ గమనించదగిన విషయం ఒకటున్నది. ఆ శిక్షణను టెలివిజనుకు మాత్రమే వదిలిపెట్టలేదు. దానికి తోడు రేడియో పాఠాలు, అచ్చు పుస్తకాలు, చేతితో చేసి చూసే ప్రయోగాలు, దగ్గరుండి సందేహాలు తీర్చే మార్గదర్శకులు కూడా ఉన్నారు. తెరపై చూసినదాన్ని ఉపాధ్యాయుడు తన చేతితో చేసి చూడాలన్నది అందులోని సూత్రం. సాధనాలు ఎంత మారినా ఈ సూత్రం మారలేదు. కరోనా కారణంగా బడులు మూతబడిన తర్వాత, 2020 సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ద్వారా పాఠాలు ప్రసారమయ్యాయి. ఇంట్లో పక్కన కూర్చుని అడిగేవారున్న పిల్లవానికీ, కూలికి వెళ్లిన తల్లిదండ్రుల కోసం ఒంటరిగా ఎదురుచూసే పిల్లవానికీ ఒకే పాఠం ఒకే విధంగా అందిందని ఎవరు చెప్పగలరు?

తెర చేయగల పని

కంటికి చూపి బోధించడంలో గొప్ప శక్తి ఉన్నదనడంలో సందేహం లేదు. దైవప్రవక్త (స) ఒకసారి చతురస్రం గీసి, దాని మధ్య నుండి వెలుపలికి పోయే ఒక గీతను, పక్కన చిన్న చిన్న గీతలను గీసి, మానవుని ఆశకూ ఆయుష్షుకూ మధ్య ఉన్న సంబంధాన్ని అనుచరులకు వివరించారని హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) ఉల్లేఖించారు. ఆ గీతలు ఉత్తినే చూపి వదలినవి కావు. ఏ గీత దేనికి సంకేతమో చెప్పే గురువు అక్కడే ఉన్నారు.

నల్లబల్లపై చూపలేనివి కొన్ని ఉంటాయి. గుండె కవాటాలు తెరుచుకుని మూసుకోవడం, విత్తనం నుండి మొలక పైకి రావడం, అగ్నిపర్వతం బద్దలు కావడం, ప్రయోగశాల లేని బడిలో ప్రమాదకరమైన రసాయనాల కలయిక మొదలైనవి. రోజుల తరబడి జరిగేదాన్ని వీడియో నిమిషంలో చూపుతుంది. రెప్పపాటులో జరిగేదాన్ని నెమ్మది చేసి చూపుతుంది. ఆనాటి టెలివిజనుకు లేని సౌకర్యం మరొకటి నేటి వీడియోకు ఉన్నది. దాన్ని ఆపవచ్చు, వెనక్కు తిప్పవచ్చు. జ్వరంతో బడి మానిన పిల్లవాడు మరునాడు చూడవచ్చు. ఇవన్నీ నిజమైన లాభాలే.

తెర చేయలేని పని

అయితే చూడటం సులువు. చిక్కంతా ఇక్కడే ఉన్నది. గావ్రియేల్ సాలమన్ అనే విద్యా మనోవైజ్ఞానికుడు 1984లో ప్రచురించిన పరిశోధనలో ఆరవ తరగతి పిల్లలను పరీక్షించాడు. ఒకే కథను కొందరికి టెలివిజనులో చూపి, కొందరిచేత చదివించాడు. టెలివిజను నుండి నేర్చుకోవడం తమకు చాలా తేలిక అని పిల్లలు నమ్మారు. కాని చూసినవారు బుర్రకు తక్కువ పని పెట్టారు. కథలో నేరుగా చెప్పని విషయాలను ఊహించి రాయవలసిన ప్రశ్నల్లో చదివినవారికంటే వెనుకబడ్డారు. అనగా తేలిక అన్న నమ్మకమే వారికి అడ్డు వచ్చింది. బొమ్మ సాఫీగా కదిలిపోతుంటే, అంతా అర్థమైందని మనసు తనను తాను మభ్యపెట్టుకుంటుంది. అర్థం కాలేదని తెలిసిన పిల్లవాడు అడుగుతాడు. అర్థమైందని భ్రమపడిన పిల్లవాడు అడగడు.

మన మక్తబుల్లో పిల్లల పఠనాన్ని గమనిస్తే ఈ సంగతి మరింత స్పష్టమవుతుంది. ఈజిప్టుకు చెందిన ప్రఖ్యాత ఖారీ షేఖ్ మహమూద్ ఖలీల్ అల్‌హుసరీ 1961లో సంపూర్ణ ఖుర్ఆన్ పారాయణాన్ని రికార్డు చేశారు. నేడు అటువంటి ధ్వనిముద్రణలు ప్రతి సెల్‌ఫోనులో ఉన్నాయి. ఇది గొప్ప అనుగ్రహం. అయినా తజ్వీద్‌కు ఉస్తాద్ అవసరం తీరలేదు. ఎందుచేత? తెలుగు మాతృభాషగా గల పిల్లవాని నోట సే, సీన్, స్వాద్ అనే మూడు అక్షరాలూ ఒకే ‘స’గా పలుకుతాయి. పెద్ద హే, చిన్న హే రెండూ ఒకే ‘హ’ అవుతాయి. ఖారీ గొంతు వందసార్లు విన్నా, తాను కూడా అలాగే పలుకుతున్నానని పిల్లవాడు అనుకుంటాడు. అతని చెవికి ఇంకా ఆ తేడా పట్టుబడలేదు. నాలుక ఎక్కడ ఆనాలో చెప్పి, తప్పు పలికినప్పుడు ఆపి, మళ్లీ పలికించేది ఉస్తాదే. గురువు పలకడం, శిష్యుడు వినిపించడం, గురువు సరిదిద్దడం తరతరాలుగా వస్తున్న పద్ధతి. రికార్డు వినిపిస్తుంది గాని పిల్లవాని పఠనాన్ని విని సరిదిద్దలేదు. గణితానికైనా, విజ్ఞానశాస్త్రానికైనా ఇదే వర్తిస్తుంది.

పాఠం నడిపే పద్ధతి

రక్తప్రసరణ పాఠాన్ని ఉదాహరణగా తీసుకుందాం. ఉపాధ్యాయుడు వీడియోను ముందురోజే పూర్తిగా చూడాలి. ఎక్కడ ఆపాలో, అక్కడ ఏమి అడగాలో కాగితంపై రాసుకోవాలి. తాను చూడని వీడియోను తరగతికి చూపడం, తాను చదవని పుస్తకాన్ని బోధించడం వంటిదే.

తెర వెలిగించక ముందే ఒక ప్రశ్న వేయాలి. “గుండె కుడివైపు నుండి బయలుదేరిన రక్తం ఎక్కడికి పోతుంది?” అని అడిగి, ప్రతి పిల్లవాని చేత తన ఊహను రాయించాలి. ఊహ తప్పైనా ఫరవాలేదు. రాసినవాడు సమాధానం కోసం వెతుకుతూ చూస్తాడు.

వీడియోను చిన్న భాగాలుగా చూపాలి. అంతర్జాలంలో పాఠాలు అందించే ఎడ్‌ఎక్స్ సంస్థకు చెందిన నాలుగు కోర్సుల్లో సుమారు 69 లక్షల వీక్షణలను పరిశీలించిన ఒక అధ్యయనం 2014లో వెలువడింది. వీడియో ఎంత పొడవున్నా, సాధారణంగా విద్యార్థులు దానిపై నిలిచినది ఆరు నిమిషాలకు మించలేదని అందులో తేలింది. వారు వయోజనులు కూడా. ఇక పిల్లల సంగతి చెప్పనక్కరలేదు.

ప్రతి భాగం తర్వాత ఆపి అడగాలి. 2013లో ప్రచురితమైన మరొక ప్రయోగంలో 21 నిమిషాల వీడియో పాఠాన్ని నాలుగు భాగాలు చేశారు. ప్రతి భాగం తర్వాత చిన్న పరీక్ష రాసినవారి మనసు పక్కదారులు పట్టడం, రాయనివారితో పోలిస్తే సగానికి తగ్గింది. వారు నోట్సు కూడా ఎక్కువ రాసుకున్నారు. మరొక మంచి పద్ధతి, ధ్వని ఆపివేసి అదే దృశ్యాన్ని మళ్లీ చూపుతూ ఒక పిల్లవాని చేత వివరణ చెప్పించడం. ఎక్కడ తడబడ్డాడో అక్కడే ఉపాధ్యాయుని పని మొదలవుతుంది.

చివరగా తెర ఆర్పివేసి, పుస్తకం మూయించి, గుండె బొమ్మను జ్ఞాపకం నుండి గీయించాలి. మరునాడు మళ్లీ అడగాలి. మళ్లీ మళ్లీ చూడటంకన్నా, చూడకుండా గుర్తుచేసుకోవడమే ఎక్కువకాలం నిలుస్తుందని పరిశోధనలు రుజువు చేశాయి. మక్తబులో పఠనం నేర్పే ఉస్తాదులు సెల్‌ఫోనును మరో విధంగా వాడుకోవచ్చు. పిల్లవాని గొంతునే రికార్డు చేసి, ఖారీ పారాయణం పక్కన వినిపించి, తేడాను అతనిచేతనే చెప్పించవచ్చు.

నిర్వాహకులకు, తల్లిదండ్రులకు

తెర కొనదలచినవారు ముందుగా కొన్ని విషయాలు ఆలోచించాలి. కరెంటు పోయినప్పుడు ఏర్పాటు ఏమిటి? చివరి బల్లపై కూర్చున్న పిల్లవానికి అక్షరాలు కనబడతాయా, మాట వినబడుతుందా? పాఠం పిల్లలకు అర్థమయ్యే తెలుగులోనో ఉర్దూలోనో ఉన్నదా? అన్నిటికంటే ముఖ్యంగా, ముందురోజు వీడియో చూసి పాఠం సిద్ధం చేసుకోవడానికి ఉపాధ్యాయునికి వ్యవధి ఇస్తున్నామా? ఆ వ్యవధి ఇవ్వకుండా తెరకు ఇచ్చిన డబ్బు గోడకు అలంకారమే అవుతుంది. నిధులు కొద్దిగా ఉన్నచోట మంచి ఉపాధ్యాయుణ్ణి నిలబెట్టుకోవడమే మొదటి ఖర్చు కావాలి. తెర ఆ తర్వాతి ఖర్చు.

ఇకమీదట బడికి వెళ్లినప్పుడు తల్లిదండ్రులు తెర ఉన్నదా అని అడగడంతో సరిపెట్టుకోకూడదు. పాఠం ముగిశాక మా పిల్లవాణ్ణి ఎవరు ప్రశ్నిస్తారు, తప్పు చెబితే ఎవరు దిద్దుతారు అని అడగాలి. సాయంత్రం ఇంటికి వచ్చిన పిల్లవాణ్ణి కూడా ఏమి చూశావని కాక, చూసినదాన్ని చెప్పి వినిపించమని అడగాలి. తల్లిదండ్రులకు అక్షరం రాకపోయినా ఇబ్బంది లేదు. చెప్పేటప్పుడు వాడు ఎక్కడ ఆగాడో గమనించి, రేపు ఆ చోటు గురించి మాస్టారిని అడుగు నాయనా అని పంపితే చాలు.